బుడగకు నమస్కారం

మందుల దుకాణంలో, సన్నని గొట్టంలో ఒకదానిపై ఒకటి పేర్చుకుని కూర్చునే తెల్లని బిళ్ళా, నీకు నమస్కారం. నీరసానికో కడుపు మంటకో నిన్ను కొనుక్కెళ్తారు. గ్లాసెడు నీళ్లలో వేస్తారు. బుస్సుమంటావు, పొంగుతావు, కరిగిపోతావు. తాగినవాళ్లు గ్లాసు కడిగి బోర్లిస్తారు, నిన్ను మరిచిపోతారు. ఆ కాసేపట్లో నువ్వెంత రసాయన శాస్త్రం చెప్పి వెళ్లావో ఎవరూ అడగరు. నేను అడుగుతాను. నీ పొంగును, నీ చప్పుడును, నీ చల్లదనాన్ని, ఖాళీ అయిన నీ గొట్టాన్ని సైతం నోరారా పొగుడుతాను.

నిన్ను పొగడటానికి నాకు నచ్చిన చోటు ఖమ్మం మైదానం సన్నగిల్లి భద్రాచలం అడవి చిక్కబడే నేల. కొత్తగూడెం దాటి, పాల్వంచ దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగే దారి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం పేరుతో వేరే జిల్లా అయింది కానీ, వేసవిలో రాలే ఇప్పపువ్వుకూ తునికాకు కోతకూ ఆ సరిహద్దు గీతతో పని లేదు. ఈ దారి పొడవునా గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలున్నాయి. కోయ పిల్లలు, కొండరెడ్డి పిల్లలు, లంబాడా పిల్లలు ఊళ్లు వదిలి వచ్చి అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే చదువుతారు. వాళ్ల పదో తరగతి పుస్తకంలో ఆమ్లాలు, క్షారాలు, లవణాలు అని ఒక పాఠం ఉంది. ఆ పాఠం పుస్తకంలోంచి లేచి కళ్ల ముందు నిలబడాలంటే కావలసింది ఒక గ్లాసు, కాసిని నీళ్లు, నువ్వు.

ముందు నీ మౌనాన్ని పొగుడుతాను. నీలో సిట్రిక్ ఆమ్లం ఉంది. కిరాణా కొట్టులో నిమ్మఉప్పు అని అమ్మేది అదే. నీలో సోడియం బైకార్బొనేట్ ఉంది. బజ్జీల పిండిలో వేసే వంటసోడా అదే. ఒకటి ఆమ్లం, ఒకటి క్షార గుణం ఉన్న లవణం. రెండూ ఒకే బిళ్ళలో, పొడి పక్కన పొడిగా, హాస్టల్‌లో చేరిన మొదటి రోజు ఒకే బల్ల మీద కూర్చుని పలకరించుకోని ఇద్దరు పిల్లల్లా ఉంటాయి. నెలల తరబడి అలాగే ఉంటాయి. నీరు వచ్చిందా, రెండూ కరుగుతాయి, అయాన్లుగా విడిపోతాయి, కదులుతాయి, కలుస్తాయి. చర్య జరగాలంటే కణాలు కలవాలనీ, కలవాలంటే కదలాలనీ, ఆ కదలికకు నీరు చోటిస్తుందనీ చెప్పడానికి నీకంటే తేలికైన ఉదాహరణ నేనెరగను.

నీ మూతలో తేమను పీల్చే గుళికలు ఎందుకు పెడతారో ఈ నేల మీద పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. శ్రావణ మాసంలో గోదావరి నిండుగా పారుతుంటే, గోడలు చెమ్మగిల్లి, ఉతికిన గుడ్డలు ఆరక, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరయ్యే రోజుల్లో నిన్నొక రాత్రి బయట వదిలేస్తే చాలు. తెల్లారేసరికి మెత్తబడతావు, ఉబ్బుతావు, నీళ్లలో వేస్తే ఇక బద్ధకంగా తేలుతావు. గాలిలోని ఆవిరే నీలో చర్యను మొదలుపెట్టింది. వానాకాలం కూడా ఒక ప్రయోగమేనని ఆ పూట పిల్లలు గ్రహిస్తారు.

ఇప్పుడు నీ పొంగు. నీళ్లలో పడగానే నీ ఒంటి నిండా బుడగలు పుడతాయి. కొన్ని నిన్ను అంటుకుని పైకి లేపుతాయి, కొన్ని విడివడి పరుగెత్తుతాయి, పైకి చేరి చిట్లుతూ ముక్కు మీద సన్నని తుంపర చల్లుతాయి. ఆ బుడగలో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. గ్లాసులో మిగిలింది నీరు, సోడియం సిట్రేట్ అనే లవణం. ఆమ్లం తన పులుపు పోగొట్టుకుంది, సోడా తన జారుడుతనం పోగొట్టుకుంది, రెండిటికీ చెందని కొత్త పదార్థాలు పుట్టాయి. ఉప్పు నీళ్లలో కరగడానికీ, నువ్వు నీళ్లలో కరగడానికీ ఉన్న తేడా ఇదే. ఆ నీటిని మరిగించి ఆవిరి చేస్తే ఉప్పు మళ్లీ ఉప్పుగానే దొరుకుతుంది. నువ్వు దొరకవు. భౌతిక మార్పు, రసాయన మార్పు అని పుస్తకం రెండు నిలువు వరుసల్లో రాసినదాన్ని నువ్వు ఒక్క గ్లాసులో చూపిస్తావు.

నీ లెక్క ఎంత నిక్కచ్చిగా ఉంటుందో! 192 గ్రాముల సిట్రిక్ ఆమ్లానికి 252 గ్రాముల సోడియం బైకార్బొనేట్ సరిజోడు. రెండూ పూర్తిగా కలిస్తే 258 గ్రాముల సోడియం సిట్రేట్, 54 గ్రాముల నీరు, 132 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. కూడి చూడండి పిల్లలూ! ఇటు 444, అటు 444. ఎంత పొంగినా, ఎంత బుసకొట్టినా, ఒక్క గ్రాము పోలేదు, ఒక్క గ్రాము రాలేదు. శాస్త్రవేత్త లావోజియే ఫ్రాన్సులో తక్కెడ ముందు కూర్చుని నిలబెట్టిన ద్రవ్యనిత్యత్వ నియమం ఈ కూడికలో ఉంది.

కూడిక నమ్మని పిల్ల ఉంటే ఆమెకు మరీ నమస్కారం. ఆమె కోసం కూల్‌డ్రింక్ తాగేసిన పెద్ద ప్లాస్టిక్ సీసా తెండి. అడుగున కొన్ని నీళ్లు పోయండి. బిళ్ళను విరిచి లోపల వేసి, వెంటనే మూత బిగించండి. సీసా, నీళ్లు, మూత, బిళ్ళ అన్నిటినీ ముందే కలిపి గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా మీద తూచి ఉంచండి. పొంగంతా అయ్యాక మళ్లీ తూచండి. అంకె మారదు. కానీ సీసా రాయిలా గట్టిపడి ఉంటుంది, నొక్కితే వేలికి లొంగదు. అదే పీడనం. గోలీసోడా సీసాలో గోళీని మెడకు అదిమిపెట్టేదీ ఆ వాయువు బలమే. ఇప్పుడు మూత వదులు చేయండి. తుస్సుమంటుంది. మళ్లీ తూచండి. అంకె తగ్గింది. తగ్గినంత బరువూ గాలిలోకి వెళ్లింది. కంటికి కనబడని వాయువుకు బరువు ఉంటుందని ఆ పిల్ల తన కళ్లతో చూసింది. ఇక ఆ మాట ఎవరూ ఆమెకు బట్టీ పట్టించనక్కర్లేదు.

నీ వేగాన్ని పొగుడుతాను. మూడు గ్లాసులు, మూడు బిళ్ళలు. ఒకదానిలో కుండ నీళ్లు, ఒకదానిలో పంపు నీళ్లు, ఒకదానిలో వంటశాల నుంచి తెచ్చిన వేడినీళ్లు. ఒకేసారి వేస్తే వేడినీళ్లలో నువ్వు ఎగసిపడతావు, కుండ నీళ్లలో తాపీగా కరుగుతావు. వేడెక్కిన కణాలు వేగంగా కదులుతాయి, గట్టిగా ఢీకొంటాయి, చర్యకు కావలసిన శక్తి ఎక్కువ కణాలకు అందుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1889లో సూత్రంగా రాసిన సంగతి ఇది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఈ నేలలో మధ్యాహ్నానికి కూర పులిసిపోవడం, చలికాలంలో పాలు త్వరగా తోడుకోకపోవడం చూసిన పిల్లలకు ఆ సూత్రం సగం ముందే తెలుసు. మిగతా సగం నువ్వు చెబుతావు.

ఇంకో మూడు గ్లాసులు, అన్నిటిలో ఒకే రకం నీళ్లు. ఒకదానిలో నిండు బిళ్ళ, ఒకదానిలో నాలుగు ముక్కలు, ఒకదానిలో పొడి. పొడి వేసిన గ్లాసు పొంగి బల్ల మీదికి పారుతుంది. బరువు అన్నిటిలో ఒకటే, నీటికి తగిలిన మేర మాత్రం వేరు. అదే ఉపరితల వైశాల్యం. మొద్దు కంటే చితుకులు త్వరగా అంటుకుంటాయని అడవి పిల్లకు ఎవరు నేర్పాలి? ఆమె ఎరిగిన నిప్పుకూ, పాఠంలోని చర్యా రేటుకూ మధ్య వంతెన వేసింది నీ పొడి.

నీ చల్లదనాన్ని పొగుడుతాను. చర్య అంటే మంట, సెగ, పొగ అనుకునే చోట, పొంగుతున్న గ్లాసులో థర్మామీటరు పెట్టమంటావు. గీత కిందికి దిగుతుంది. చుట్టూ ఉన్న నీటి నుంచి నువ్వు వేడిని తీసుకుంటున్నావు. ఉష్ణగ్రాహక చర్య అనే బరువైన మాట ఆ దిగే గీత పక్కన ఎంత తేలికగా నిలుస్తుందో!

ఇక నీ వాయువు ఎవరో తేల్చాలి. దానికి ఆకువక్కల సున్నం చాలు. సున్నాన్ని నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని మెల్లగా వంపుకుంటే అదే సున్నపుతేట. నువ్వు పొంగుతున్న సీసా నుంచి సన్నని గొట్టం పెట్టి వాయువును అందులోకి వదిలితే తేట పాలలా తెల్లబడుతుంది. కరిగి ఉన్న సున్నం, కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారింది. ఇంకా వదులుతూ పోతే తెలుపు పోయి మళ్లీ తేటపడుతుంది, ఆ కార్బొనేట్ బైకార్బొనేట్‌గా మారి కరిగిపోయింది. తూర్పు కనుమల్లో బొర్రా గుహల సున్నపురాయిని యుగాలుగా తొలిచిందీ, లోపల వేలాడే రాతి ఊడలను పోసిందీ ఈ రాకపోకలే. స్కాట్లాండులో జోసెఫ్ బ్లాక్ 1754లో వైద్య పట్టా కోసం రాసిన వ్యాసంలో ఈ వాయువును పట్టుకున్నాడు. మనిషి ఊపిరిలోనూ అదే ఉందని తర్వాత చూపాడు. మీరూ చూడవచ్చు. శుభ్రమైన స్ట్రాతో సున్నపుతేటలోకి మెల్లగా ఊదండి. తెల్లబడుతుంది. బిళ్ళ వదిలే ఊపిరీ, తన ఊపిరీ ఒక్కటేనని పిల్లవాడికి తెలిసే క్షణం అది. సున్నపుతేట పొరపాటున కూడా నోట్లోకి పీల్చకుండా చూడటం పెద్దల పని.

రంగుల సంగతి చెప్పకుండా ఈ స్తుతి పూర్తి కాదు. భద్రాచలం సీతారాముల కల్యాణం జరిగే ఊరు. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి ఎర్రదనం ఎక్కడిది? పసుపులో సున్నం కలిపితే వచ్చింది. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్లీ పసుపవుతుంది. తరతరాలుగా మన అమ్మమ్మలు పెళ్లి పీటల దగ్గర చేస్తున్నది ఆమ్ల క్షార పరీక్ష. పసుపు రాసిన కాగితం మీద సున్నపుతేట చుక్క వేసి, ఎర్రబడిన చోట నిమ్మఉప్పు నీళ్లు తాకించండి. లిట్మస్ కాగితం లేని బడిలో సూచికలు లేవని ఇక ఎవరనగలరు? మందార రేకులు నానబెట్టిన నీళ్లు నీ ఆమ్లానికి ఒక రంగు, వంటసోడాకు ఇంకో రంగు చూపుతాయి. ఆ రెండు రంగులూ పిల్లలే కనిపెట్టాలి, నేను చెప్పను.

ఓ బుడగా, నిన్ను గ్లాసులోంచి బయటికి పిలుస్తాను. ఈ నేల నిండా నీ చుట్టాలే. ఇప్పపువ్వు కుండలో ఊరుతుంటే పైకి తేలే బుడగ నువ్వే, తాటి కల్లు నురగలో ఉన్నదీ నువ్వే. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ కనుగొన్న బొగ్గు, సింగరేణిగా పెరిగి, పాల్వంచ విద్యుత్ కేంద్రంలో మండి, ఆ పొడవాటి చిమ్నీల నుంచి పైకి వదులుతున్న దానిలో నువ్వున్నావు. కారేపల్లి దగ్గర మాధారం గనుల నుంచి విశాఖ ఉక్కు కర్మాగారానికి వెళ్లిన డోలమైట్ రాయిలో నువ్వు కోట్ల ఏళ్లుగా బందీవి. ఆ రాతి ముక్కను మెత్తగా దంచి, కాస్త వెచ్చబెట్టిన నిమ్మరసం పోస్తే సన్నని బుడగలుగా మెల్లగా బయటపడతావు. టేకు ఆకూ తునికాకూ ఎండలో నిన్ను లోపలికి తీసుకుని చెట్టు ఒళ్లంతా కట్టుకున్నాయి. బొగ్గు, రాయి, కల్లు, ఆకు, ఊపిరి, బిళ్ళ, అన్నిటి కథలోనూ ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు. ఈ ఒక్క చుట్టరికం తెలిసిన పిల్లకు అడవి, గని, చిమ్నీ, బడి వేరువేరు ప్రపంచాలుగా కనబడవు. గాలిలో నువ్వు పెరిగితే భూమి వేడెక్కుతుందన్న వార్త విన్నప్పుడు, అది ఎక్కడో జరిగే సంగతి అని ఆమె అనుకోదు.

మణుగూరు దగ్గర నీటిలోంచి భారజలాన్ని వేరుచేసే కర్మాగారం ఉంది. సారపాకలో కాగితపు అట్టల మిల్లు ఉంది. ఇంత పెద్ద రసాయన శాస్త్రం చుట్టూ పనిచేస్తున్నచోట, ఆ గేట్ల ముందు నుంచి నడిచివెళ్లే పిల్లలకు అది కేవలం గోడగా మిగిలిపోకూడదు. ఆ గోడలో తెరుచుకునే మొదటి తలుపు నువ్వు కావాలి.

నిన్ను పొగడటానికి నా దగ్గరున్న అన్నిటికంటే పెద్ద కారణం ఇది. ఈ బడుల్లో చాలామంది పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. తెలుగు వాళ్లకు బడిలో అబ్బే భాష, ఆపైన సైన్సు పుస్తకంలోని తెలుగు ఇంకో భాష. నిర్వచనం ముందొచ్చి వస్తువు తర్వాతొస్తే, ఆ పిల్లలు రెండు మెట్లు వెనక మొదలుపెడతారు. నువ్వు పొంగేటప్పుడు మాత్రం అందరూ ఒకే మెట్టు మీద ఉంటారు. అందరి కళ్లూ గ్లాసు మీదే. అందరి నోటా ఒకే ప్రశ్న, ఏ భాషలోనైనా. మొదట చూడనివ్వాలి, తర్వాత వాళ్ల మాటల్లో చెప్పనివ్వాలి, ఆ తర్వాతే పుస్తకం పేరు పెట్టాలి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బడుల్లో మొదలై 2002 దాకా సాగిన సైన్సు బోధన కార్యక్రమం ఈ వరుసనే నమ్మింది. మన దగ్గర 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక, దాని చెకుముకి పత్రిక, ఊరూరా పిల్లల చేత ప్రయోగాలు చేయించింది ఈ నమ్మకంతోనే. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తన ఇంటి పక్కనున్న బీరు బట్టీలో, పులుస్తున్న తొట్ల మీద తేలే వాయువును చూసి శాస్త్రవేత్త ప్రీస్ట్‌లీ ప్రయోగాలు మొదలుపెట్టాడు. అక్కడి నుంచే సోడా నీళ్లు వచ్చాయి. ఇంటి పక్కన ఏముందో చూసినవాడికి శాస్త్రం అందింది. ఇప్పపువ్వు కుండ పక్కన పెరిగిన పిల్లకు ఎందుకు అందదు?

ఇంటి పక్కనే కాదు, అంతరిక్షంలో కూడా నిన్ను పరీక్షించారు. 2003లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో డాన్ పెటిట్ అనే వ్యోమగామి గాలిలో తేలుతున్న నీటి ముద్దలో నీలాంటి బిళ్ళనే పెట్టి చూశాడు. అక్కడ పైకీ కిందికీ తేడా లేదు, బుడగలకు ఏ దిక్కుకు పరుగెత్తాలో తెలియదు. ముద్ద లోపలే తిరుగుతూ, ఒకదానితో ఒకటి కలుస్తూ పెద్దవయ్యాయి. గ్లాసులో బుడగ పైకి ఎందుకు వస్తుందో మనం ఆలోచించం, అలవాటైపోయింది. బరువైన నీరు కిందికి దిగుతూ తేలికైన బుడగను పైకి నెడుతుందని అంతరిక్షం గుర్తుచేసింది. ఆ వ్యోమగామి చేతిలోని ప్రయోగమూ, దుమ్ముగూడెం దారిలోని బడి పిల్ల చేతిలోని ప్రయోగమూ ఒకే కుటుంబం.

నీ మీద ప్రేమ కొద్దీ జాగ్రత్తలూ చెబుతాను. నువ్వు మందువి, బడిలో నిన్ను తాగకూడదు. గాజు సీసాలో వేసి మూత బిగించకూడదు. నీ ఖాళీ గొట్టంలో కాసిని నీళ్లు, చిన్న ముక్క వేసి, మూత పెట్టి బోర్లిస్తే గొట్టం రాకెట్టై ఎగురుతుంది. వాయువు కిందికి తోస్తే గొట్టం పైకి లేచే ఆ ఆట న్యూటన్ మూడో నియమం. ఆ ఆట ఆరుబయటే ఆడాలి, దాని మీదికి ఎవరూ ముఖం వంచకూడదు. గడువు తీరిన బిళ్ళలు ప్రయోగానికి పనికొస్తాయి. బిళ్ళలు దొరకనిచోట ఈనో పొట్లం ఉంది. అదీ లేకపోతే నాలుగు పాళ్లు వంటసోడా, మూడు పాళ్లు నిమ్మఉప్పు పొడిగా కలిపి పెట్టుకుంటే చాలు, లెక్క దాదాపు సరిపోతుంది.

సైన్సు సారూ, టీచరమ్మా! ప్రయోగశాల గది లేదని, బీరువా తాళం దొరకలేదని, సిలబస్ మిగిలిపోయిందని ఈ పాఠాన్ని వాయిదా వేయకండి. బిళ్ళను మీరు వేసి చూపించకండి, పిల్లల చేతికివ్వండి. ఏమవుతుందో ముందే చెప్పకండి, ఏమవుతుందనుకుంటున్నారో అడగండి. తప్పు చెప్పినా బోర్డు మీద రాయండి, గ్లాసే దిద్దుతుంది. మెడికల్ షాపు, కిరాణా కొట్టు ఉన్న ఊళ్లో రసాయన శాస్త్రానికి కావలసిన సామాను లేకపోవడమంటూ ఉండదు. ఈ వారమే ఒక గొట్టం బిళ్ళలు కొనండి. మీ ఊరి బడికి ఇవ్వండి. అడవి అంచు పిల్ల చేతిలో ఒక ప్రయోగం పెట్టడానికి అయ్యే ఖర్చు అంతే.